క్లౌడ్‌ని నడిపించే పిలుపు!

మనం రోజూ వాడే ఎన్నో ఆప్‌ల కోసం విడిగా ఒక కంప్యూటరంటూ ఉండదు. ఒకే పెద్ద సర్వర్‌ని పంచుకునే వర్చువల్ మెషీన్లలో అవి నడుస్తుంటాయి. తమది కాని హార్డ్‌వేర్ మీద ఆ మెషీన్లు తడబడకుండా పనిచేస్తున్నాయంటే, అందుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి... ఇంటరప్ట్!

ప్రాసెసర్ ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటుంది. ఈలోగా కీబోర్డు మీద మీట నొక్కినా, నెట్‌వర్క్ కార్డుకి సమాచారం చేరినా, టైమర్ గడువు ముగిసినా ఆ సంగతి దానికి తెలియాలి. ‘ఏమైనా వచ్చిందా’ అని ప్రతి పరికరాన్నీ అడుగుతూ కూర్చుంటే అసలు పని సాగదు. అందుకే పరికరమే పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. అది రాగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, పిలుపు సంగతి చూసి, మళ్లీ పాత పనిలోకి వస్తుంది.

ముందు పట్టిక... తర్వాతే పిలుపు

ఏ పిలుపుకి ఏ కోడ్ బదులివ్వాలో చెప్పే పట్టికని, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ బూట్ అయ్యేటప్పుడే సిద్ధంచేసుకోవాలి. ఇంటెల్, ఏఎమ్‌డీల ఎక్స్86 ప్రాసెసర్లలో దాని పేరు ఐడీటీ. అందులో 256 గడులుంటాయి. 0 నుంచి 31 వరకూ ప్రాసెసర్ సొంత అవసరాలకి కేటాయించినవి. సున్నాతో భాగిస్తే 0వ గడి, మెమరీలో కావాల్సిన పేజీ దొరక్కపోతే 14వ గడి పలుకుతాయి. పరికరాలకి 32 నుంచి మొదలయ్యేవి.

ఇక్కడ వరస తప్పితే అంతా పోతుంది. లినక్స్ అందుకే బూట్ మొదట్లోనే ఇంటరప్టుల్ని ఆపేస్తుంది. పట్టిక నింపి, దాని చిరునామా ప్రాసెసర్‌కి ఇచ్చి, ఇంటరప్ట్ కంట్రోలర్‌ని సిద్ధంచేసుకున్నాకే ఇంటరప్టుల్ని అనుమతిస్తుంది. పట్టిక లేకుండా పిలుపు వచ్చిందా, బదులిచ్చే కోడ్ దొరకదు. ఆ లోపాన్ని సరిదిద్దే కోడ్ కూడా దొరకదు. మూడో ప్రయత్నమూ విఫలమయ్యాక ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది, యంత్రం రీసెట్ అవుతుంది.

అందరికీ ఒకే గేటు

వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ని గెస్ట్ అంటారు. దాని కెర్నెల్ కూడా ఇవే పనులు చేస్తుంది. కానీ అసలు హార్డ్‌వేర్, వర్చువల్ మెషీన్లని నడిపించే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది. అపార్ట్‌మెంట్‌కి వచ్చే పార్శిళ్లన్నీ ముందు వాచ్‌మన్ దగ్గరికి చేరినట్టు, మామూలుగా పరికరాల పిలుపులన్నీ ముందు హైపర్‌వైజర్‌కే చేరతాయి. ఏది ఏ గెస్ట్‌దో తేల్చి అందించేది అదే.

పాత ఎక్స్86 ప్రాసెసర్లలో ఇది తేలిక కాలేదు. తక్కువ అధికారంతో నడిచే గెస్ట్ ఇంటరప్టుల్ని ఆపాలని చూస్తే, కొన్ని ఆదేశాల్ని ప్రాసెసర్ పట్టించుకోకుండా వదిలేసేది. పోనీ ఆ సంగతి హైపర్‌వైజర్‌కైనా చెప్పేది కాదు. 1999లో వచ్చిన వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్, గెస్ట్ ఆదేశాల్ని నడుస్తుండగానే మార్చి రాసి ఈ చిక్కు దాటింది.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జెన్ అనే హైపర్‌వైజర్ మరో దారి పట్టింది. 2003లో ఆ బృందం ప్రపంచానికి చూపిన పద్ధతిలో, తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నట్టు గెస్ట్‌కి ముందే తెలుసు. తన పట్టికని గెస్ట్ తానే హైపర్‌వైజర్‌కి అప్పగిస్తుంది. పరికరం పిలిస్తే ఇద్దరూ పంచుకునే మెమరీలో ఒక బిట్ మారుతుంది. పిలుపులు కాసేపు వద్దనుకుంటే గెస్ట్ అక్కడే ఒక గుర్తు పెడితే చాలు. ఈ జెన్ మీదే 2006లో అమెజాన్ ఈసీ2 క్లౌడ్ మొదలైంది.

ఆగకుండా అందాలి

2005లో ఇంటెల్, మరుసటి ఏడాది ఏఎమ్‌డీ వర్చువలైజేషన్‌ని ప్రాసెసర్‌లోకే తెచ్చాయి. 2007లో కేవీఎమ్ అనే హైపర్‌వైజర్ లినక్స్‌లో చేరింది. ఇప్పుడు గెస్ట్ తన ఐడీటీని మామూలుగానే రాసుకోవచ్చు. హైపర్‌వైజర్ అంకె చెబితే, ఆ గడిలోని కోడ్‌ని ప్రాసెసరే పిలుస్తుంది.

అయినా ఒక భారం మిగిలింది. పిలుపు వచ్చిన ప్రతిసారీ గెస్ట్‌ని ఆపి హైపర్‌వైజర్‌లోకి వెళ్లాలి. పని ముగిసిందని గెస్ట్ చెప్పినప్పుడూ అంతే. 2012లో ఐబీఎమ్, టెక్నియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రాకపోకల్ని తొలగించి చూశారు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ భారం ఎక్కువున్న పనుల్లోనూ గెస్ట్ వేగం అసలు యంత్రం వేగంలో 97 నుంచి 100 శాతానికి చేరింది. తర్వాత ఇంటెల్ ‘పోస్టెడ్ ఇంటరప్ట్స్’, ఏఎమ్‌డీ ‘ఏవీఐసీ’ ఆ పనిని హార్డ్‌వేర్‌కే అప్పగించాయి. నడుస్తున్న గెస్ట్‌ని ఆపకుండానే పిలుపు అందుతోంది.

మన పిల్లలు చదవాలి

2022 నవంబరులో అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్‌కీ వచ్చింది. క్లౌడ్‌ని వాడటం నేర్పే కోర్సులకి మన దగ్గర కొదవ లేదు. దాని లోపల ఏం జరుగుతుందో నేర్పడం కూడా అంతే అవసరం. ఎమ్‌ఐటీ వాళ్ల ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్ మీద నడుస్తుంది. దాని ఎక్స్86 రూపంలో 256 గడుల్ని నింపే కోడ్ కొద్ది పంక్తులే. ఇంజినీరింగ్ విద్యార్థులూ, దాన్ని తెరిచి చదవండి. ఒక గడి ఖాళీగా వదిలితే ఏమవుతుందో మీరే చూడండి. క్లౌడ్‌ని వాడేవాళ్లే కాదు, కట్టేవాళ్లూ మన నుంచి రావాలి!