రజాకార్లు: అపోహలు – వాస్తవాలు

1948లో నిజాం చేతులెత్తేసిన సెప్టెంబరు 17 దగ్గరపడుతుంటే మేడ్చల్, శామీర్‌పేట కూడళ్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకరికి అది విమోచనం, ఇంకొకరికి విలీనం, మరొకరికి సమైక్యత. 2022 నుంచి కేంద్రం దాన్ని హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతోంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి ప్రజాపాలన దినోత్సవం అంటోంది. ఆ నాలుగు రోజులూ నిజాం కాలపు రజాకార్ల గురించి ఫోన్లలో తిరిగే కథల్లో నిజమెంతో కల్పన అంతే. రజాకార్లు ఈ నేల మీద సాగించిన దౌర్జన్యం నిజం. దాన్ని తగ్గించి చెప్పడం చనిపోయినవాళ్లకు చేసే ద్రోహం. దాని పేరు చెప్పి ఇవాళ పక్కింటివాణ్ని అనుమానించడమూ ద్రోహమే. అందుకే తరచుగా వినబడే మాటలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ 1: అదంతా నల్లగొండ, వరంగల్ ముచ్చట. పట్నం చుట్టుపక్కల ఊళ్లకు దాంతో పనిలేదు.

వాస్తవం: మేడ్చల్ తాలూకా ఆ రోజుల్లో అత్రాఫ్ బల్దా జిల్లాలో ఉండేది. అది సర్ఫేఖాస్ జిల్లా, అంటే నిజాం సొంత భూముల జిల్లా. ఇక్కడి శిస్తు ప్రభుత్వ ఖజానాకు చేరేది కాదు, నేరుగా నిజాం ఖర్చులకే పోయేది. 1949లో సర్ఫేఖాస్ రద్దయ్యాకే ఈ ప్రాంతం మామూలు పరిపాలన కిందికి వచ్చింది. అల్వాల్ పక్కనున్న బొల్లారంలో 1948లో భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ మకాం ఉండేది. 

కీసర, ఘట్‌కేసర్ దాటితే బీబీనగర్. ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న ఊరు. 1948 జనవరిలో రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ రైల్లో వెళ్తుండగా అక్కడ గొడవ రేగింది, రజాకార్లు ఊరి మీద పడి దోచుకున్నారు. ఇక శామీర్‌పేట మీదుగా వెళ్లే రాజీవ్ రహదారి పట్టుకుంటే సిద్దిపేట జిల్లా వస్తుంది. బైరాన్‌పల్లి ఆ జిల్లాలోదే. ఆ ఊరి జనం బురుజు మీద కాపలా పెట్టుకుని రజాకార్లను అంతకుముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఈసారి పోలీసులను, సైనికులను వెంటబెట్టుకుని వచ్చారు. వందకు అటూ ఇటూగా మనుషులను చంపారు. ఇవి మన పొరుగూళ్ల సంగతులే.

అపోహ 2: రజాకార్లంటే నిజాం సైన్యం.

వాస్తవం: నిజాం సైన్యం వేరు. దానికి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ అధిపతి. రజాకార్లు మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనే పార్టీకి చెందిన వాలంటీర్లు. తాము రెండు లక్షలమని చెప్పుకునేవారు గానీ, వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నవి బల్లేలు, కత్తులు, పాత తుపాకులు. నిరాయుధ పల్లెలను వణికించడానికి అవి సరిపోయాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం అడుగుపెట్టాక మాత్రం అయిదు రోజులు కూడా నిలవలేదు.

అలాగని నిజాం ప్రభుత్వానికి వీళ్లతో సంబంధం లేదనడమూ తప్పే. పోలీసులు చూసీచూడనట్టు ఊరుకున్నారు, చాలాచోట్ల వెంట నడిచారు. చివరికి ప్రభుత్వాన్నే రజాకార్లు శాసించారు. 1947 అక్టోబరు 27న ఢిల్లీకి బయల్దేరాల్సిన నిజాం రాయబార బృందం ఇళ్లను తెల్లవారకముందే వాళ్ల మంద చుట్టుముట్టి ప్రయాణం ఆపించింది. ఆ దెబ్బకు ప్రధాని ఛత్తారీ నవాబు పదవి వదులుకున్నారు. ఆ పదవిలోకి రజ్వీకి అనుకూలుడైన మీర్ లాయక్ అలీ వచ్చారు. నవంబరు 29న భారత్‌తో యథాతథ ఒప్పందం మీద సంతకాలైతే పడ్డాయి గానీ, పల్లెల్లో దాడులు ఆగలేదు. ప్రైవేటు దళాన్ని పెంచి పోషించిన ప్రభుత్వం చివరికి దాని చేతిలోనే బందీ అయింది.

అపోహ 3: ఇదంతా ఖాసిం రజ్వీ ఒక్కడి ఉన్మాదం.

వాస్తవం: మజ్లిస్ 1927లో పుట్టింది. 1938లో బహదూర్ యార్ జంగ్ దానికి అధ్యక్షుడయ్యారు. గొప్ప వక్త. హైదరాబాద్ రాజ్యంలో సార్వభౌమాధికారం ముస్లింలదే, నిజాం దానికి ప్రతీక మాత్రమే అన్నది ఆ పార్టీ ప్రచారం చేసిన సిద్ధాంతం. రజాకార్ల దళానికి బీజం పడింది ఆ కాలంలోనే. ఆయన 1944లో మరణించారు. లాతూరులో వకీలుగా ఉన్న రజ్వీ 1946లో అధ్యక్షుడై ఆ సిద్ధాంతం చేతికి కత్తి ఇచ్చాడు. రాజ్య జనాభాలో ముస్లింలు నూటికి సుమారు పదమూడు మంది. ఎన్నికల పాలన వస్తే ఉద్యోగాలు, హోదాలు పోతాయన్న భయం పట్నంలోని ఉద్యోగ వర్గంలో బలంగా ఉండేది. దేశ విభజన నెత్తుటి వార్తలు, సరిహద్దులు దాటి వచ్చిన శరణార్థుల గోడు ఆ భయాన్ని పెంచాయి. రజ్వీ ఉపన్యాసాలు దాన్ని పగగా మార్చాయి. ఒక మతోన్మాద దళం తయారవడానికి ఒక్క నాయకుడు చాలడు. జనంలో భయం, దానికి సిద్ధాంతం పేరు, పైన పాలకుల అండ, ఈ మూడూ కలవాలి.

అపోహ 4: అప్పటి ముస్లింలంతా రజాకార్లే, లేదా వాళ్ల వైపే.

వాస్తవం: ఈ అబద్ధానికి జవాబు షోయబుల్లా ఖాన్ నెత్తురు. వరంగల్ జిల్లాలో పుట్టి, హైదరాబాద్‌లో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక నడిపిన యువ సంపాదకుడు ఆయన. రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టాడు. హైదరాబాద్ భారత్‌లో చేరాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇచ్చిన ప్రకటనను ధైర్యంగా అచ్చు వేశాడు. తమకు వ్యతిరేకంగా లేచే చేతులు నరికేస్తామని రజ్వీ సభలోనే బెదిరించాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న షోయబుల్లాను కాచిగూడ ప్రాంతంలో కాల్చి, చేయి నరికి చంపారు. ఆయనకు అప్పటికి ముప్పయ్యేళ్లు కూడా లేవు.

ఆయన ఒక్కడే కాదు. నిజాం పాలన మీద తిరగబడ్డ కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిమే. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940లో అతని మనుషుల చేతిలో హతుడైన షేక్ బందగీ ముస్లిమే. రజాకార్లు చేతులు నరకాలనుకున్నవాళ్లలో వాళ్ల మతస్థులూ ఉన్నారు.

అపోహ 5: అది హిందువులకు, ముస్లింలకు మధ్య జరిగిన యుద్ధం.

వాస్తవం: మత ద్వేషం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఊళ్లలో అసలు తగవు భూమి మీద, వెట్టి మీద, లెవీ ధాన్యం మీద. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపింది ఆ దొర మనుషులే. పేద రైతుల సంఘం జెండా ఎగిరిన ఊళ్ల నుంచి పారిపోయిన దొరలు చాలామంది రజాకార్ల అండతోనే మళ్లీ గడీల్లో అడుగుపెట్టారు. లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకట్రామారెడ్డి ఉప ప్రధాని. దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావూ అందులో మంత్రే. ఇటు పల్లెల్లో పేద రైతులు, కూలీలు గుత్పలు పట్టి గడీలను, రజాకార్లను ఒకేసారి ఎదిరించారు. తట్టుకోలేని కుటుంబాలు వేల సంఖ్యలో సరిహద్దు దాటి విజయవాడ, షోలాపూర్ వైపు తరలిపోయాయి. మత దళాన్ని దొరతనం తన అవసరానికి వాడుకున్న చరిత్ర ఇది.

అపోహ 6: రజ్వీ శిక్ష పడకుండానే పాకిస్థాన్‌కు పారిపోయాడు.

వాస్తవం: పోలీసు చర్య, అంటే ఆ సెప్టెంబరు నాటి సైనిక చర్య, ముగిసిన వెంటనే అరెస్టయ్యాడు. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడి జైల్లో గడిపాడు. 1957లో విడుదలయ్యాకే పాకిస్థాన్ వెళ్లాడు. 1970లో అక్కడే చనిపోయాడు. చేసిన నేరాలకు ఆ శిక్ష చాలదని బాధితుల కుటుంబాలు అనుకుంటే అది న్యాయమైన మాట. విచారణే జరగలేదనడం మాత్రం అబద్ధం.

అపోహ 7: సెప్టెంబరు 17తో హింస ఆగిపోయింది.

వాస్తవం: ఆ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. రజాకార్ల కథ అక్కడితో ముగిసింది. ఆ వెంటనే మరో దారుణం మొదలైంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ప్రతీకారం పేరిట సామాన్య ముస్లింలను చంపారు, ఇళ్లు దోచారు, ఆడవాళ్లను చెరిచారు. భారత ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఆ ఊళ్లు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. చనిపోయినవాళ్లలో అత్యధికులు రజాకార్ల నేరాలతో ఏ సంబంధమూ లేనివాళ్లు.

తెలంగాణ పల్లెల్లోనూ శాంతి వెంటనే రాలేదు. సైన్యం తుపాకులు పల్లెల్లో భూపోరాటం నడిపిన కమ్యూనిస్టుల మీదికి మళ్లాయి. వాళ్లు సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. ఎవరి పాలన మీద ప్రజలు తిరగబడ్డారో ఆ నిజామే 1950 జనవరి 26న రాజప్రముఖ్ (రాష్ట్రాధినేత) అయ్యాడు, 1956 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

వీటన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. రజాకార్ల నేరం ఒక పార్టీది, దాని సిద్ధాంతానిది, దాన్ని కాపాడిన ప్రభుత్వానిది, వాడుకున్న దొరలది. అది ఒక మతానిది కాదు. మత పెద్దరికం మాటున ప్రైవేటు దళాలను పెరగనిచ్చిన ఏ పాలకుడికైనా, ఏ మతం వాడికైనా హైదరాబాద్ చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే: అలాంటి దళం మొదట ఎదుటివాణ్ని చంపుతుంది, తర్వాత తనవాళ్లలో ప్రశ్నించినవాణ్ని చంపుతుంది, చివరికి తాను కాపాడతానన్న జనాన్నే నడివీధిలో వదిలేస్తుంది.

ఆ రోజులు కళ్లారా చూసినవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. మీ ఇంట్లోనో వాడలోనో అలాంటి పెద్దమనిషి ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. వచ్చే సెప్టెంబరులో ఫోన్‌కు ఏదైనా కథ వస్తే ఊరి పేరు, తేదీ, ఆధారం చూడకుండా ఇంకొకరికి పంపకండి. బైరాన్‌పల్లి మృతులకూ షోయబుల్లా ఖాన్‌కూ ఒకే సభలో నివాళి అర్పించండి.