టోపీకి సొట్టే అందం!

వెడల్పాటి అంచు, పైన నడుమ లోయలాంటి మడత, రెండు పక్కలా వేళ్లతో నొక్కినట్టు సొట్టలు... కౌబాయ్ టోపీ అనగానే గుర్తొచ్చే రూపమిదే. మన సినిమాల్లో అయితే 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ కళ్లముందు మెదులుతారు. ఆ సొట్టలు టోపీతోపాటే పుట్టాయనుకుంటే మాత్రం పొరపాటే!

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ బి.స్టెట్సన్ 1865లో 'బాస్ ఆఫ్ ద ప్లెయిన్స్' అనే టోపీని తయారుచేశాడు. తలను కప్పే పైభాగాన్ని క్రౌన్ అంటారు. స్టెట్సన్ టోపీకి అది బోర్లించిన గిన్నెలా నున్నగా ఉండేది. వాడకంలో సొట్టలు పడ్డాయి, పోనుపోను అవే ఫ్యాషనయ్యాయి. క్రౌన్‌కి నాలుగువైపులా సొట్టలుంటే 'మోంటానా పీక్' అంటారు. కెనడా మౌంటెడ్ పోలీసులకు గుర్తింపు తెచ్చిన టోపీ అదే. నడుమ మడత, ముందువైపు రెండు నొక్కులు ఉంటే ఫెడోరా. దీనికా పేరు 1882లో పారిస్‌లో ప్రదర్శించిన నాటకం నుంచి వచ్చింది. అందులో నాయిక సారా బెర్న్‌హార్ట్.

ఆవిరి చేసే మాయ

ఇంతకీ ఆ సొట్ట అలా ఎలా నిలుస్తుంది? ఫెల్ట్‌ను నేయరు. కుందేలు, బీవర్ వంటి జంతువుల బొచ్చును వేడి, తడి, ఒత్తిడితో ఒకదానికొకటి పెనవేసుకునేలా చేస్తారు. దానికి ఆవిరి పట్టిస్తే మెత్తబడుతుంది, చేత్తో మలిచి చల్లారనిస్తే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. అందుకే ఫెల్ట్ టోపీ నలిగినా బెంగ లేదు. మరుగుతున్న నీటి ఆవిరి కాసేపు చూపించి, లోపలి నుంచి నెమ్మదిగా సర్దితే చాలావరకు దారికొస్తుంది. చేతులు కాలకుండా చూసుకోవాలంతే!

పనామా కథే వేరు

గడ్డి టోపీలకు ఈ వెసులుబాటు తక్కువ. పేరు పనామాయే కానీ, ఈ టోపీల సొంతూరు ఈక్వెడార్. 1906లో పనామా కాలువ పనులు చూడ్డానికి వెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ టోపీతో ఫొటో దిగాక ఆ పేరు మరింత స్థిరపడింది. టోకియా అనే మొక్క లేత ఆకుల్ని ఉడికించి, ఆరబెట్టి, ఆ పీచుతో అల్లుతారు. నాణ్యతను బట్టి ఒక్కో టోపీకి ఒక రోజు నుంచి ఎనిమిది నెలల దాకా పడుతుంది. ఈ అల్లికను యునెస్కో 2012లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎండిన తాటాకును మడిస్తే ఏమవుతుంది? పుటుక్కున విరుగుతుంది. పనామా టోపీకీ అదే గండం. తీసిన ప్రతిసారీ ముందున్న నొక్కును వేళ్లతో పట్టుకుంటే అక్కడ పీచు బీటలు వారి, చివరికి చిల్లుపడుతుంది. ఆ చిల్లును ఆవిరి పూడ్చలేదు. నెలల తరబడి వంగి కూర్చుని అల్లిన పనితనం రెండు వేళ్ల అలవాటుకు బలైపోతుందన్నమాట!

ఇలా చేస్తే పదిలం

* టోపీని రెండు చేతులతో అంచు పట్టుకుని తీయాలి.

* బల్లమీద బోర్లిస్తే అంచు వంకర పోతుంది. వెల్లకిలా పెట్టాలి. ఎక్కువకాలం దాచాలంటే క్రౌన్ లోపల మెత్తటి కాగితాలు కూర్చి పెట్టెలో ఉంచాలి.

* ఎండలో ఆపిన కారులో వదలొద్దు. లోపలి తోలుపట్టీ కుంచించుకుపోయి టోపీ బిగుతవుతుంది.

* వానకు తడిస్తే లోపలి పట్టీని బయటికి తిప్పి, దానిమీదే టోపీని నిలబెట్టి నీడన ఆరనివ్వాలి. డ్రయ్యర్ వాడొద్దు.

* పనామాను చుట్టచుట్టి ప్రయాణాల్లో తీసుకెళ్లొచ్చంటారు. సన్నని అల్లికైతేనే, అదీ కాసేపే. నెలల తరబడి చుట్టి ఉంచితే మడతల దగ్గర పగులుతుంది.

ఇంట్లో తాతగారి టోపీ ఏదైనా అటకమీద ఉంటే ఓసారి దించి చూడండి. దాని సొట్టల్లో ఆయన చేతివాటం ఇంకా కనిపిస్తుందేమో! దించేటప్పుడు మాత్రం... అంచు పట్టుకోవడం మరవకండి.