సొంత గోల్‌లోకి కొట్టిన డిఫెండరే కప్పు తెచ్చింది!

ఈ రోజు ఎపిసోడ్ అమెరికా ఫుట్‌బాల్ ప్లేయర్ బ్రాండీ చాస్టెయిన్ గురించి. మొదట్లో ఆమె ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టే పని. 1991 వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఉంది. తర్వాత టీమ్‌లో చోటు పోయింది. మళ్లీ వచ్చింది డిఫెండర్‌గా. 1996 ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టారు.

ఇక 1999 వరల్డ్ కప్, జర్మనీతో క్వార్టర్ ఫైనల్. 5వ నిమిషంలో ఆమె ఇచ్చిన బ్యాక్ పాస్ సొంత గోల్‌లోకే వెళ్లిపోయింది! ఇంకొకరైతే అక్కడే డీలా పడిపోతారు. సెకండ్ హాఫ్‌లో తనే గోల్ కొట్టి స్కోరు 2-2 చేసింది. చివరికి 3-2తో గెలిచారు.

ఫైనల్ చైనాతో, 90,185 మంది ముందు. స్కోరు 0-0, పెనాల్టీలు. కొన్ని నెలల ముందే ఇదే చైనా మీద ఆమె కుడికాలి పెనాల్టీ మిస్ అయింది. అందుకే కోచ్ టోనీ డిచికో ఎడమకాలితో కొట్టమన్నాడు. కొట్టింది, కప్పు వచ్చేసింది. జెర్సీ తీసి మోకాళ్ల మీద కూర్చున్న ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది.

కానీ నాకు ఎక్కువ నచ్చింది ఇది. 192 ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు ఆడిన ఆమె, చనిపోయాక తన మెదడును బోస్టన్ యూనివర్సిటీ రీసెర్చ్‌కి ఇస్తానని 2016లో ప్రకటించింది. ఎందుకంటే, తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలితే వచ్చే సీటీఈ అనే జబ్బుని మనిషి బతికుండగా ఖాయంగా తేల్చలేరు. రేపు హెడ్డర్లు కొట్టే పిల్లల కోసం ఇది. డిఫెండర్ అంటే అదే కదా!

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.