వైఫై యాక్సెస్ పాయింట్లను కొత్త కంట్రోలరుకు మార్చడం: ఒక వివరణ

కీలకపదాలు: వైఫై, యాక్సెస్ పాయింట్, కంట్రోలర్, క్యాప్‌వ్యాప్, ధ్రువపత్రం, కర్నూలు–కడప కాలువ

ప్రవేశిక:

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే కర్నూలు–కడప కాలువను మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. కాలువ అదే, తూములూ అవే. తూము ఎప్పుడెత్తాలో చెప్పే అధికారం మాత్రం చేతులు మారింది. కళాశాల ప్రాంగణంలో పాత కంట్రోలరు స్థానంలో కొత్తది నెలకొల్పినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. గోడలమీది యాక్సెస్ పాయింట్లు అక్కడే ఉంటాయి. వాటి యజమాని మారుతుంది. కంట్రోలరును ‘నియంత్రిక’ అనవచ్చు గాని, సాంకేతిక సిబ్బందికి ఆ మాట తెలియదు కనుక వాడుకలోని పదాన్నే స్వీకరిస్తున్నాను.

చేరిక జరిగే తీరు:

కంట్రోలరుకూ యాక్సెస్ పాయింటుకూ మధ్య సంభాషణకు 2009లో ప్రమాణీకరించిన నియమావళి క్యాప్‌వ్యాప్. విద్యుత్తు అందగానే యాక్సెస్ పాయింటు ముందు తనకొక ఐపీ చిరునామా సంపాదించుకొంటుంది. పిమ్మట కంట్రోలరును వెదకుతుంది: తన జ్ఞాపకంలోని పాత చిరునామాలను, డీహెచ్‌సీపీ సర్వరు ఇచ్చిన సూచనను, డీఎన్‌ఎస్‌లోని పేరును ఆశ్రయిస్తుంది. కంట్రోలరు దొరికాక పరస్పరం ధ్రువపత్రాలు పరీక్షించుకొంటాయి. సాఫ్ట్‌వేర్ వేరైతే కొత్తది దింపుకొని, మళ్లీ మొదలై, ఆ తరువాతే పనిలోకి దిగుతుంది. ఆజ్ఞలు 5246, సమాచారం 5247 యూడీపీ పోర్టులలో నడుస్తాయి. ఫైర్‌వాల్ వీటిని ఆపితే ఈ కథ మొదలే కాదు.

చిక్కులు:

మొదటి చిక్కు ఆ జ్ఞాపకమే. పాత కంట్రోలరు ఇంకా పనిచేస్తూ ఉంటే యాక్సెస్ పాయింటు తిరిగి దాని చెంతకే పోగలదు. నేనెరిగిన ఒక కళాశాలలో వసతిగృహపు వరండా పరికరాలు ఇలాగే పాత గూటికి చేరాయి. కరెంటు పోయి వచ్చిన రాత్రి గాని ఎవరూ గమనించలేదు. వేసవి కోతలు మామూలైన మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. అన్ని పరికరాలూ ఒక్కసారిగా లేచి ఒకేసారి సాఫ్ట్‌వేర్ అడిగితే ఆలస్యం తప్పదు.

రెండవది ధ్రువపత్రం. కొన్ని తయారీల్లో దాని ఆయుర్దాయం పదేళ్లే. అది తీరితే, పరికరం బాగానే ఉన్నా కొత్త కంట్రోలరు దానిని నిరాకరిస్తుంది. కంట్రోలరు గడియారాన్ని వెనక్కి తిప్పి నెట్టుకొచ్చేవారున్నారు. నాకది సమ్మతం కాదు. నమోదులన్నింటా కాలం అబద్ధమవుతుంది.

పరిశోధకుని నష్టం:

కాలువలో ఆజ్ఞ వేరు, నీరు వేరు. ఇక్కడ కూడా సమాచారాన్ని కంట్రోలరు గుండా పంపవచ్చు, స్థానికంగానే వదలవచ్చు. కొత్త కంట్రోలరు మరొక ప్రాంగణంలో ఉండి, సమాచారమంతా దాని గుండా పోతే, బయటి ప్రపంచానికి మన ఐపీ చిరునామా మారిపోతుంది. చందా పత్రికలు అనేకం సంస్థ నమోదు చేసిన ఐపీని బట్టే తలుపు తీస్తాయి. నిన్న తెరుచుకొన్న వ్యాసం నేడు రుసుము అడుగుతుంది. శోధగంగ అందరికీ తెరిచినదే కనుక దానికి ఆటంకం లేదు. అందుచేతనే తెలుగు శాఖవారు ఈ లోపాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు, భౌతికశాస్త్రం వారు మొదటి గంటలోనే ఫిర్యాదు చేస్తారు.

కనుక మార్పునకు ముందే గ్రంథాలయాధికారికి కొత్త ఐపీ తెలియజేయాలి. ఒక అంతస్తును మాత్రమే మొదట మార్చి, అక్కడి పరికరాలను ఒకసారి ఆపి వెలిగించి, అవి ఏ కంట్రోలరును చేరాయో చూడాలి. ఆన్‌లైన్ పరీక్షలున్న వారంలో ఈ పని తలపెట్టరాదు.