మాయమైన ఆడపిల్లల లెక్క

హైదరాబాద్‌లో రామంతాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక దాకా వెళ్తుంటే ఏ స్కానింగ్ సెంటర్‌లోకి తొంగిచూసినా ఒక బోర్డు ఉంటుంది: ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం. ఆ బోర్డు పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. ఈ చుట్టుపక్కలే సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. చదువు ఇంత దట్టంగా పోగైన చోట్లు మన దగ్గర తక్కువ. అలాంటి నగరంలోనే ఆడపిల్లలు తగ్గిపోతూ వచ్చారు.

లెక్క చూద్దాం. ఎవరి జోక్యమూ లేకపోతే ప్రతి వెయ్యి మంది అబ్బాయిలకు సుమారు 950 మంది అమ్మాయిలు పుడతారు. ఇది ప్రకృతి లెక్క. పుట్టాక సమానంగా చూసుకుంటే మగపిల్లల కన్నా ఆడపిల్లలే గట్టిగా తట్టుకుంటారు. అందుకే ఆరేళ్ల లోపు పిల్లల్లో ఈ తేడా ఇంకొంత తగ్గాలి. 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు అబ్బాయిలు వెయ్యి మందికి 975 మంది అమ్మాయిలు ఉండేవారు. 2001 నాటికి 961 అయ్యారు, 2011 నాటికి 939కి దిగారు. హైదరాబాద్ జిల్లాలో 2001లోనే 943, పదేళ్లకు 914. ఇరవై తొమ్మిది తగ్గడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ ఇది ప్రతి వెయ్యికీ జరిగిన నష్టం. నగరంలోని అంగన్‌వాడీలన్నీ, ఒకటో తరగతులన్నీ కలిపి ఆలోచిస్తే ఎన్ని బెంచీలు ఖాళీయో అర్థమవుతుంది.

పుట్టిన ఆడశిశువును చంపడం పాత నేరం. బ్రిటిష్ ప్రభుత్వం 1870లోనే దానిపై చట్టం చేసింది. మన దగ్గర ఈ మాట రాగానే అందరి వేళ్లూ దేవరకొండ తండాలవైపు చూపుతాయి. 1999లో, మళ్లీ 2001లో, అక్కడి లంబాడా ఆడ పసికందులను కొని హైదరాబాద్ అనాథాశ్రమాల ద్వారా విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. ఆ కుటుంబాల గురించి గీతా రామస్వామి, భంగ్యా భూక్యా అధ్యయనం చేశారు. లంబాడాల్లో ఒకప్పుడు పెళ్లికొడుకు తరఫువాళ్లే ఆడపిల్లవాళ్లకు ఓలి ఇచ్చేవారు. అది పోయి కట్నం వచ్చింది. చెలకలో పంట పండక, ముగ్గురు నలుగురు కూతుళ్లున్న ఇంట్లో కట్నం అడుగుపెడితే ఏమవుతుందో ఆ తండాలు అనుభవించాయి.

అయితే మొత్తం నెపం తండాల మీద మోపడం అన్యాయం. ఆడపిల్లను వదిలించుకునే అదే పనిని చదువుకున్నవాళ్లు, ఉన్నవాళ్లు కడుపులోనే, కళ్లకు కనబడకుండా చేశారు. ప్రభాత్ ఝా బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం దేశం మొత్తానికి సంబంధించినది. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిన ఇళ్లలో రెండో కాన్పును వాళ్లు విడిగా లెక్కగట్టారు. అక్కడ వెయ్యి మంది అబ్బాయిలకు 1990లో 906 మంది అమ్మాయిలు పుట్టగా 2005లో 836 మందే పుట్టారు. తల్లి పదో తరగతి దాకా లేదా అంతకు మించి చదివిన ఇళ్లలో, డబ్బున్న ఇళ్లలో ఈ పతనం ఇంకా ఎక్కువ. "ఒక పాప ఉందిగా, ఈసారి బాబు అయితే చాలు, ఆపరేషన్ చేయించేస్తాం" అనే మాట మన బంధువుల ఇళ్లలో ఎంత మామూలుగా వినిపిస్తుంది! ఆ మాటకీ ఈ అంకెకీ సంబంధం ఉంది.

ఆడపిల్ల పుడితే కోడలిని తిట్టడం మరో క్రూరత్వం. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమ్. లింగాన్ని నిర్ణయించే డీఎన్‌ఏ మీద పరిశోధించిన లాల్జీ సింగ్ పనిచేసింది హబ్సిగూడ సీసీఎంబీలోనే. ఆ సంస్థ గోడ పక్కవీధిలో కూడా ఇంకా తల్లినే నిందిస్తుంటే మనం పాఠం చదివామే గానీ ఇంటికి తెచ్చుకోలేదు.

"ఆడపిల్లలు తగ్గితే వాళ్లకే విలువ పెరుగుతుందిలే" అని కొందరు ధీమాగా చెబుతారు. ఇది పూర్తిగా తప్పు. గురజాడ 'కన్యాశుల్కం' రాయడానికి కారణమైన విశాఖ జిల్లా లెక్కలు గుర్తుచేసుకోండి. మూడేళ్లలో నమోదైన 1,034 శుల్క వివాహాల్లో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది వయసు పసికందులు ముగ్గురు. ఆడపిల్లకు ధర పలికిన ఆ కాలంలో ఆమెకు దక్కింది గౌరవం కాదు, బేరం. ఇవాళ హర్యానాలో జరుగుతున్నదీ అదే. అక్కడ పెళ్లికూతుళ్లు దొరక్క అస్సాం, బెంగాల్, ఒడిశా నుంచి పేద ఇళ్ల అమ్మాయిలను డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు. వాళ్లను 'మోల్కీ' అని, అంటే కొన్నది అని, పిలుస్తారు. భాష రాని ఊళ్లో, పుట్టింటి అండ లేకుండా ఆ అమ్మాయి ఎలా బతుకుతుందో ఊహించవచ్చు.

చట్టాలు మనకు లేక కాదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985లోనే ఇచ్చింది, కేంద్రం కన్నా ఇరవై ఏళ్లు ముందు. కానీ "కట్నం ఇచ్చాంగా, ఇంక వాటా ఏంటి?" అనే ఒక్క ప్రశ్నతో చాలా ఇళ్లలో ఆ హక్కును కొట్టేశారు. కట్నం ఖర్చు, వాటా హక్కు రెండూ కూతురి పేరుతోనే నడిచినా రెండింటిలోనూ ఆమె చేతికి వచ్చేది తక్కువే.

లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది, 1996 నుంచి అమలవుతోంది. ఇందులో బలమైన ఆయుధం ఒక కాగితం. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ ఎందుకు చేశారో, ఎవరు పంపారో 'ఫారం ఎఫ్'లో రాయాలి. మూసిన గదిలో డాక్టర్ ఏ సైగ చేశారో ఎవరూ చూడలేరు, ఫారాలను మాత్రం వరసగా పేర్చి చూడవచ్చు. 2004లో హైదరాబాద్ కలెక్టర్‌గా ఉన్న అరవింద్ కుమార్ చేసింది ఇదే. స్కానింగ్ సెంటర్ల రికార్డులు తనిఖీ చేయించి, చట్టం పాటించనివాళ్లపై చర్యలు తీసుకున్నారు. ఫారాల్లో దొర్లేవి గుమాస్తా పొరపాట్లేనని వైద్య సంఘాలు కోర్టుకెక్కినా, ఆ రికార్డు చట్టానికి ప్రాణమని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది.

ఇంకో రెండు సంగతులు తెలిసి ఉండాలి. అబార్షన్ 1971 నాటి చట్టం ప్రకారం, నిబంధనల మేరకు చట్టబద్ధమే, నేరం లింగాన్ని బట్టి ఎంచుకోవడం. బలవంతం మీద పరీక్షకు వచ్చిన గర్భిణిని లింగ నిర్ధారణ నిషేధ చట్టం దోషిగా చూడదు, ఒత్తిడి తెచ్చింది భర్త లేదా ఇతర బంధువులేనన్న భావనతో మొదలుపెడుతుంది. ఎక్కడైనా లింగ నిర్ధారణ జరుగుతోందని తెలిస్తే ఈ చట్టం అమలు చూసే జిల్లా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. కోర్టుకు వెళ్తామని నోటీసు ఇచ్చి 15 రోజులు గడిచినా కదలిక లేకపోతే, ఆ ఫిర్యాదు ఇచ్చిన మామూలు మనిషే నేరుగా మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవచ్చు.