వీధికి ఎందరు?

హైదరాబాదులో నగరరక్షణ భారం వహించిన అధికారిని పూర్వం కొత్వాలు అనేవారు. కోటను కాచువాడని ఆ మాటకు అర్థం. 1920 నుండి పదునాలుగేండ్లు ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారిని రెడ్డి హాస్టలు వలన విద్యార్థిలోకం ఎరుగును. ఆ పదవికి తరువాతి పేరు కమిషనరు. ఆ పద్ధతి 2016లో మన బొగ్గుసీమకూ వచ్చినది. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు రామగుండం కమిషనరేటులో చేరినవి. గోలేటి మాత్రం ఆసిఫాబాదు జిల్లాలో, సూపరింటెండెంటు కిందనే నిలిచినది. పేరు ఏదైననేమి, వీధిలో నిలుచు మనుషులెందరు?

గని కార్మికుల బిడ్డలకు ఈ లెక్క సులువు. వారానికి 168 గంటలు. ఒక్క కూడలిలో రాత్రింబవళ్ళు ఒక్క కానిస్టేబులు ఉండవలెనన్నా, మనిషికి వారానికి 48 గంటల చొప్పున ముగ్గురున్నర కావలెను. సెలవులు, జబ్బులు కలిపితే నలుగురికి తక్కువ కాదు. కోర్టుకు, బందోబస్తుకు, రాతపనికి పోగా మిగిలినవారే గస్తీకి. చాలనిచోట ఎనిమిది గంటల డ్యూటీ పన్నెండవుతుంది. గనిలో మూడు షిఫ్టులు నడుపుట ఎరిగిన మనం ఠాణాకు ఆ న్యాయం చేయలేదు.

జీపులున్నవి గదా అందురు కొందరు. జీపు వీధిని దాటిపోతుంది. ఏ యింటికి తాళం పడినదో, ఏ స్తంభాన దీపం ఆరినదో నడిచేవానికే తెలుస్తుంది. రాత్రి 11 గంటలకు రెండవ షిఫ్టు దిగిన కార్మికులు కాలనీకి మరలు వేళ, ఆ నడిచేవాడు ఏ జాతర బందోబస్తుకో పోయి ఉంటే, ఆరిన దీపం ఆరినట్లే ఉంటుంది.