జీపు టైర్లు: రిమ్ము కొలత ఒక్కటే చాలదు

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు మారు టైర్లు అమ్మేటప్పుడు కొందరు వర్తకులు రిమ్ము కొలత చూసి సరుకు ఇచ్చేస్తున్నారు. వాపసులకు మూలం ఇదే. 215/75 ఆర్ 15 టైరులో 215 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు. పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం. రిమ్ము 15 అంగుళాలు. లెక్కకు మొత్తం వ్యాసం 703.5 మి.మీ. ఆ సైజు నిల్వలో లేదని 235/75 ఆర్ 15 అంటగడితే వ్యాసం 733.5కు, అనగా 4 శాతం పైచిలుకు పెరుగుతుంది. మీటరు 60 చూపేటప్పుడు బండి 62 దాటి పోతుంటుంది. తేడా 3 శాతం లోపు ఉంటేనే సాధారణంగా ఆమోదిస్తారు.

అసలు చిక్కు జత టైర్లే కొనే ఖాతాదారుతో. ముందు ఒక సైజు, వెనుక మరొకటి వేసుకుని, మధ్య డిఫరెన్షియల్ లేని జీపును తారురోడ్డుపై ఫోర్ వీల్‌లో నడిపితే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది. ఆ మరమ్మతు ఖర్చు ముందు టైరుపై మిగిలే లాభమెంత? జత అడిగినవారికి బండి మీదున్న సైజే ఇవ్వాలి; లేదా నాలుగూ, స్టెప్నీతో సహా, మార్చమనాలి. లోడు అంకె మాత్రం తగ్గరాదు: 100 అంటే టైరుకు 800 కిలోలు.